బంగారు కొండలలో పొగబండి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూ మెక్సికో రాష్ట్రపు ఉత్తరపుటంచున చామా అను చిన్న ఊరు కలదు. అది సముద్రమట్టమునకు ఇంచుమించు 7,860 అడుగుల ఎత్తున నున్నది. సెప్టెంబరు మాసము ముగియవచ్చుసరికి అచ్చట రాత్రులందు నీరు గడ్డకట్టునంతటి చలి పుట్టును. ఊరంతయు నిద్రలో మునిగియుండగా రైలు యార్డులో మాత్రము ఒక దీపము అటునిటు కదలుచుండును. మరునాడు కొండ నెక్కవలసిన ఇంజను కొలిమిలో నిప్పు ఆరిపోకుండ కనిపెట్టుటకు ఒక ఉద్యోగి రాత్రియంతయు మేలుకొని యుండును. ఆవిరియంత్రము మోటారుబండి వంటిది కాదు; తాళపుచెవి త్రిప్పినంతనే లేచి పరుగెత్తదు. చల్లారిన బాయిలరును తొందరపడి కాచినచో దాని రేకులు ఒకచోట ఎక్కువగను, వేరొకచోట తక్కువగను సాగి అతుకులు సడలును. అందుచే ఉదయము బయలుదేరు బండికి సన్నాహము ముందునాటి రాత్రియే మొదలగును.

తెల్లవారుసరికి డ్రైవరు, ఫైర్‌మన్ వత్తురు. డ్రైవరు పొడుగుముక్కు నూనెడబ్బాను చేతబట్టి ఇంజను చుట్టును తిరిగి కీలుకీలునకు నూనె పోయును. అది 1925లో ఫిలడెల్ఫియా నగరములోని బాల్డ్విన్ కర్మాగారమున తయారైన ఇంజను. దాని తరగతికి కె-36 అని పేరు. ఆ 36 అను అంకె వట్టిగా పెట్టినది కాదు. 36,000 పౌనులకు పైబడిన బలముతో అది లాగగలదని దాని యర్థము. అట్టి ఇంజనులు పది మాత్రమే చేయబడెను. వానిలో ఒకటి 1953లో, ఇంజనులను త్రిప్పు గుంటలో కూలి, పనికిరానిదై పోయెను. తక్కిన తొమ్మిదియు నేటికిని ఉన్నవి. అందు ఐదు చామా మార్గమునకు చెందినవి. మనుష్యులలో నూరేండ్లు బ్రతికి కొండలెక్కువారు అరుదు. ఇనుములో కూడ అరుదే.

ఈ మార్గమునకు కుంబ్రెస్ అండ్ టోల్టెక్ సీనిక్ రైల్‌రోడ్ అని పేరు. చామా నుండి కొలరాడో రాష్ట్రములోని ఆంటోనిటో వరకు దీని పొడవు 64 మైళ్ళు. పట్టాల నడుమ వెడల్పు మూడడుగులు మాత్రమే. మన దేశపు బ్రాడ్‌గేజి పట్టాల నడుమ అయిదున్నర అడుగులుండునని తలచుకొన్నచో ఇది ఎంత సన్నని బాటయో తెలియును. 1870లో విలియం జాక్సన్ పామర్ అనువాడు స్థాపించిన డెన్వర్ అండ్ రియో గ్రాండే కంపెనీవారు సాన్ హువాన్ కొండలలోని వెండి గనులను చేరుటకై 1880లో ఆంటోనిటో నుండి పడమరగా ఈ దారిని వేయసాగిరి. సన్నని పట్టాలైనచో బిగువైన మలుపులు త్రిప్పవచ్చును, కొండను తక్కువగా త్రవ్వవచ్చును, వ్యయము తగ్గును. కొండ అడ్డువచ్చినచోటనెల్ల వారు దానిని పగులగొట్టుటకు బదులు చుట్టుకొని పోయిరి. అందువలన ఈ దారి రెండు రాష్ట్రముల హద్దును పదునొకండు మారులు దాటుచు పోవును. హద్దులు గీచినవారికి కొండలు తెలియవు. దారి వేసినవారికి హద్దులు పట్టలేదు.

ఆ వెండి ఎవరి నేలలో నున్నదను ప్రశ్న కూడ కలదు. ఆ కొండలలో యూట్ జాతివారు తరతరములుగా వేటాడి జీవించుచుండిరి. రైలు కొండలను దాటిన 1881వ సంవత్సరముననే కొలరాడోలోని యూట్‌లలో అనేకులు తమ నేలనుండి వెడలగొట్టబడి యూటా ప్రాంతమునకు తరలింపబడిరి. దారి అందమును చెప్పువారు ఈ సంగతిని తరచుగా విడిచిపెట్టుదురు.

ఉదయమున ఇంజను రెండు దీర్ఘమైన కూతలు వేసి కదలును. ఊరు దాటిన కొంతసేపటికే ఎక్కుడు ఆరంభమగును. నూరడుగుల దూరమునకు నాలుగడుగుల ఎత్తు. చూపునకిది పెద్దదిగా తోచదు గాని, నునుపైన ఇనుపపట్టాపై నునుపైన ఇనుపచక్రము నిలువద్రొక్కుకొని బరువును లాగవలసి యుండుటచే, రైలునకిది చాల నిటారైన దారి. చక్రములు జారకుండుటకై ఇంజను నుండి గొట్టముల ద్వారా పట్టాలపై ఇసుకను రాల్చుదురు. కుంబ్రెస్ కనుమను చేరుటకు 14 మైళ్ళు ఇట్లే పోవలెను. అంతలో 2,100 అడుగులకు పైగా పైకి ఎక్కుదురు.

ఆ పదునాలుగు మైళ్ళును ఫైర్‌మన్‌కు పరీక్ష. ఆవిరియంత్రములో ఒక చమత్కారము కలదు. పిస్టనును త్రోసిన ఆవిరి పొగగొట్టము గుండ నెగసి పోవునపుడు కొలిమిలోని వేడిగాలిని తనతో ఈడ్చుకొనిపోవును. దానివలన నిప్పుపై క్రొత్తగాలి వీచి మంట హెచ్చును. అనగా ఇంజను ఎంత శ్రమపడునో, దాని నిప్పు అంతగా ప్రజ్వలించును. మనము వినెడు ఛుక్ ఛుక్ శబ్దము ఆ యూపిరియే. ఎక్కుడులో ఆ యూపిరి బలమైనకొలది కొలిమిలోని బొగ్గు త్వరగా కాలిపోవును. బొగ్గు మండించు ఇంజనులో ఫైర్‌మన్ పారతో దానిని ఊరక విసరరాదు. పలుచగా, సమముగా, ఎచ్చట నిప్పు తెల్లబడినదో అచ్చట పడునట్లు చల్లవలెను. కనుమ చేరుసరికి అతని చొక్కా చెమటతో తడిసిపోవును. వెలుపల పెట్టెలలో ప్రయాణికులు చలికి కంబళ్ళు కప్పుకొని కూర్చుండియుందురు.

అయిదవ మైలు సమీపమున బండి లొబాటో వంతెనను దాటును. నూరడుగుల ఎత్తున సన్నని ఇనుపకాళ్ళపై నిలిచిన వంతెన అది. 2010 జూన్‌లో దానిపైనున్న కొయ్యభాగము అంటుకొని కాలిపోగా ఇనుము కూడ వేడికి దెబ్బతినెను. ఆ యేడు మిగిలిన దినములలో చామానుండి కుంబ్రెస్‌కు బండి పోలేదు. మరమ్మతు జరిగి 2011 వేసవిలో మరల బండ్లు దానిపై నడచెను. వేయిమందికైనను మించని జనము గల చామా వంటి ఊరికి ఆ యేడాది ఎట్లు గడచియుండునో ఊహింపవచ్చును. అచ్చట వసతిగృహము, భోజనశాల, దుకాణము, అన్నియు ఆ బండి కూతతోనే తలుపులు తెరచును.

వంతెన దాటిన పిదప కొండవాలులు రంగుతేరును. దేవదారు జాతి చెట్ల ముదురుపచ్చని నడుమ ఆస్పెన్ చెట్ల గుంపులు కరగిన బంగారము పోసినట్లు కనబడును. మన దేశమున ఆకురాలుట శిశిరమున జరుగును; అచ్చటివారికి శరత్కాలమే ఆకురాలుకాలము. పగళ్ళు చిన్నవై చలి హెచ్చగా చెట్టు తన యాకులలోని పత్రహరితమును విరిచి సారమును లోనికి తీసికొనును. అప్పుడు పసుపురంగు బయటపడును. ఆ పసుపు క్రొత్తగా వచ్చినది కాదు. వేసవియంతయు ఆకుపచ్చ క్రింద దాగియున్నదే. ఆస్పెన్ ఆకు తొడిమ పొడుగై, ప్రక్కలకు నొక్కబడి పలుచగా నుండును. అందుచే గాలి లేనట్లున్నపుడును మన రావియాకువలె అది గలగలలాడుచుండును. బండి దాటునపుడు రేగిన గాలికి ఒక వాలు వాలంతయు ఒక్కసారిగా వణకుట చూచినవారు మాట మరచిపోదురు.

ఆ గుంపులో మనకు వేయి చెట్లుగా కనబడునది తరచుగా ఒకే చెట్టు. భూమిలోపల ఒకే వేరు ప్రాకి, దానినుండి కాండములు పిలకలుగా పైకి వచ్చును. పొరుగునున్న యూటా రాష్ట్రములో ఇట్టి ఆస్పెన్ ఒకటి 106 ఎకరములలో వ్యాపించి, ఇంచుమించు 47,000 కాండములు కలిగియున్నది. అడవి కాలినను లోపలి వేరు సాధారణముగా బ్రతికియుండి మరల చిగుర్చును. కాలిన కొండపై మొదట తలయెత్తునది తరచుగా ఆస్పెనే. దీనినిబట్టి, నేడు ప్రయాణికులు ముచ్చటపడి చూచుచున్న పసుపుగుంపులలో కొన్ని పూర్వమెన్నడో అచ్చట చెలరేగిన మంటలకు గుర్తులని చెప్పవచ్చును.

కుంబ్రెస్ అనగా స్పానిష్ భాషలో శిఖరములు. ఆ కనుమ ఎత్తు 10,015 అడుగులు. అచ్చటికి చేరగానే ప్రయాణికులు ఊపిరి తీసికొందురు. ఫైర్‌మన్ మాత్రము తీసికొనడు. ఎక్కునపుడు ఇంజను ముక్కు పైకెత్తియుండును గనుక బాయిలరులోని నీరు వెనుకకు, కొలిమి మీదికి చేరియుండును. కనుమ దాటి ముక్కు దిగినంతనే నీరు ముందునకు పరుగెత్తును. కొలిమి పైకప్పు రేకుపై నీరు లేనిచో, ఆ రేకు ఎఱ్ఱగా కాగి మెత్తబడి, బాయిలరే పేలిపోవచ్చును. కనుమకు ముందే తగినంత నీరు పోసియుంచుకొనవలెను. గాజుగొట్టములో కనబడు నీటిమట్టము ఎక్కుడులో ఒకటి చెప్పును, దిగుడులో వేరొకటి చెప్పును. దేనిని ఎంతవరకు నమ్మవలెనో తెలిసినవాడే ఫైర్‌మన్.

అటుపిమ్మట దారి లాస్ పినోస్ ఏటిలోయ వెంబడి మెల్లగా దిగును. 137 అడుగుల ఎత్తుగల కాస్కేడ్ వంతెనను దాటి బండి ఓషియర్ చేరును. ఒకప్పుడు అది చిన్న పల్లె. నేడు అచ్చట పాత స్టేషను, నీటితొట్టి, భోజనశాల మొదలగు కొద్ది కట్టడములు మాత్రమే కలవు. బండి ఆగి అందరును భోజనమునకు దిగుదురు. ఈ దారి ఎట్లు మిగిలినదో చెప్పుకొనుటకు ఆ భోజనవేళ చాలును.

ఇది మిగులుటకు కారణము వైభవము కాదు, దరిద్రము. 1893లో వెండి ధర పడిపోయెను. గనులు మూతబడెను. దేశమందంతటను పట్టాలు వెడల్పు చేయబడి, పిదప డీజిలు ఇంజనులు వచ్చినను, సరకు తక్కువగా నున్న ఈ కొండదారిపై డబ్బు వెచ్చించుటకు ఎవరికిని ఇష్టము లేకపోయెను. కనుక పాత ఇంజనులే, పాత పెట్టెలే, పాత నీటితొట్లే ఉండిపోయెను. 1951లో ప్రయాణికుల బండి నిలిచిపోయెను. ఆ దశాబ్దమున ఫార్మింగ్టన్ ప్రాంతములో నూనె, గ్యాసు బావులు త్రవ్వబడుటచే వాని గొట్టములను మోయు పని దొరకి ఈ బొగ్గుబండికి కొంత ఆయువు పెరిగెను. బొగ్గును ఓడించిన నూనెయే బొగ్గుబండిని కొన్నాళ్ళు బ్రతికించెను. 1968తో సరకుబండ్లు కూడ ఆగెను. 1969లో దారిని మూసివేయుటకు అనుమతి లభించెను. పట్టాలను పెరికి పాత ఇనుముగా అమ్మివేయుట మాత్రమే మిగిలెను.

అప్పుడు రైలును ప్రేమించు పౌరులును, జీవనాధారము కోల్పోవుచున్న కొండయూళ్ళవారును కలిసి పట్టుబట్టిరి. 1970లో కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రములు రెండును కూడి ఈ 64 మైళ్ళ దారిని, తొమ్మిది ఇంజనులను, నూటికి పైబడిన పెట్టెలను, చామా యార్డును 5,47,120 డాలర్లకు కొనెను. తగవులాడుకొనుటకు హద్దు ఒకటున్న రెండు రాష్ట్రములు ఒక పాతబండిని ఉమ్మడిగా కొనుట వింతయే. సరకుపెట్టెల గోడలు కోసి కిటికీలు పెట్టి ప్రయాణికుల పెట్టెలుగా మార్చిరి. 1971లో యాత్రికుల బండ్లు నడచుట ఆరంభమాయెను. 1988లో ఏర్పడిన మిత్రసంఘమువారు ఏటేట వేసవిలో వచ్చి, జీతము లేకయే, పెట్టెలకు రంగులు వేసి, కుళ్ళిన కొయ్యను మార్చి, పాత అక్షరములను పూర్వమున్నట్లే వ్రాయుదురు. వారిలో ఉద్యోగమునుండి విరమించిన వృద్ధులు అనేకులు. 2012లో ఈ దారి జాతీయ చారిత్రక చిహ్నముగా ప్రకటింపబడెను.

ఓషియర్ దాటిన పిదప దారి టోల్టెక్ అగాధపు అంచున నడచును. ఏరు దాదాపు 600 అడుగుల క్రింద వెండిదారమువలె కనబడును. సొరంగమునకు ఈవల పట్టాల ప్రక్కనే ఒక రాతికంబము నిలిచియున్నది. 1881 సెప్టెంబరు 19న హంతకుని గుండు దెబ్బవలన అధ్యక్షుడు గార్‌ఫీల్డు మరణించెను. ఆ నెల 26న దేశమంతయు సంతాపము పాటించుచుండగా, క్రొత్తదారిని చూచుటకు వచ్చిన రైల్వే ఉద్యోగులు కొందరు ఈ లోయ అంచున బండి దిగి సంతాపసభ జరిపిరి. ఆ కంబము దానికి గుర్తు. అది కూడ శరత్కాలమే. కొండవాలున ఆకులు నాడును ఇట్లే పసుపెక్కియుండును.

తరువాత రాతిసొరంగము, కొంతదూరమున మట్టిసొరంగము. మొదటిది గట్టిరాతిలో త్రవ్వినది గనుక దానికి ఏ ఆధారమును అక్కరలేదు. రెండవది మెత్తని అగ్నిపర్వతపు బూడిదలో త్రవ్వినది. లోపలనంతయు దూలములు బిగించి నిలిపిరి. రెంటినడుమ దయ్యాల మలుపు కలదు. పూర్వము రాత్రివేళ ఇంజను దీపము అచ్చటి రాతిస్తంభములపై పడగా నీడలు లేచి దయ్యములవలె ఆడెడివట.

ఇక్కడినుండి అడవి పలుచనగును, గడ్డి ఎండియుండును. బండి వెనుక కొంత దూరములో ఒక చిన్న మోటారు ట్రాలీ వచ్చుచుండుటను చూచినవారు తక్కువ. దాని పని నిప్పును వెదకుట. ఏ యూపిరి ఇంజనునకు బలమిచ్చునో, ఆ యూపిరియే నిప్పురవ్వలను పొగగొట్టమునుండి పైకి విసరును. ఈ కొండలను చూపించు ఇంజనే ఈ కొండలను కాల్చగలదు. ఇది వట్టి భయము కాదు. 2018 జూన్‌లో దక్షిణ కొలరాడోలోనే ఒక కొండవాలున మంట పుట్టి 50,000 ఎకరములకు మించి దహించెను. అట్టి బొగ్గు ఇంజను నుండి పడిన నిప్పే దానికి కారణమని అటవీశాఖ విచారణలో తేల్చిరి.

అందువలన ఇటీవలి సంవత్సరములలో ఈ మార్గమున 489 సంఖ్యగల ఇంజను బొగ్గునకు బదులు నూనె మండించునట్లు మార్చబడినది. నూనెమంటనుండి అట్టి రవ్వలు లేవవు. దీనికి మనసొప్పనివారు కలరు. బొగ్గువాసన లేనిచో, పార చప్పుడు లేనిచో అది 1925నాటి ఇంజను ఎట్లగునని వారి ప్రశ్న. ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. ఉన్నదున్నట్లు నిలుపుటకే గదా ఇంత శ్రమయు! ఒక్కొక్కటిగా మార్చుకొనిపోయినచో తుదకు పేరు మాత్రము మిగులవచ్చును. కాని సరకుపెట్టెకు కిటికీ పెట్టిననాడే, కాలిన వంతెనకు క్రొత్తకొయ్య వేసిననాడే మార్పు ఆరంభమైనది. దారి కొండకొరకు వంగినది గాని కొండ దారికొరకు వంగలేదు. నేడు అడవి ఎండినపుడు ఇంజను మరియొకమారు వంగుట ఈ దారి స్వభావమునకు విరుద్ధము కాదు. పార పట్టి చేతులు కాయలు కాచిన ఫైర్‌మన్‌కు మాత్రము, మరత్రిప్పి మంటను హెచ్చుతగ్గులు చేయుట మొదట వెలితిగా తోచియుండిన ఆశ్చర్యము లేదు. నీటిమట్టమును కనిపెట్టు పని మాత్రము అతనికి తప్పలేదు.

సాయంకాలమునకు కొండలు వెనుకబడును. బూడిదరంగు పొదలతో నిండిన మైదానములో బండి తేలికగా పరుగెత్తి ఆంటోనిటో చేరును. ప్రయాణికులు దిగి, జుట్టులో చిక్కిన మసిని దులుపుకొనుచు, ఇంజను ముందర నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొందురు. పిల్లలు దాని చక్రములను భయముభయముగా తాకిచూతురు. ఎవరో ఒకరు పుస్తకములో దాచిన ఆస్పెన్ ఆకును తీసి చూచుకొందురు.

కొన్ని మైళ్ళ వెనుక ట్రాలీ ఆగియుండును. అందలి మనుష్యుడు దిగి, పట్టా ప్రక్కన సన్నగా పొగలేచుచున్న ఎండుగడ్డిపై నీరు పోసి, పారతో మట్టిని కప్పి, అరచేతితో తాకి చూచును. ఇంకను వెచ్చగా నున్నచో మరికొంత నీరు పోయును. పిమ్మట ట్రాలీ నెక్కి, పట్టాల కిరుప్రక్కల చూచుకొనుచు, మెల్లగా ఊరివైపు సాగును.